కియారి ఆపరేషన్‌ని మిల్లీమీటర్లతో కొలిస్తే

మా మేనకోడలికి కియారి అనే జబ్బు. చిన్నమెదడు అడుగు భాగం పుర్రె కింది రంధ్రంలోకి జారి ఇరుక్కోవడం అది. ఆపరేషన్ అయిన ఆర్నెల్లకు తీసిన ఎమ్మారై రిపోర్టును మా బావ ఫోటో తీసి ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఒక్క లైను చుట్టూ ఎర్ర గీత గీశాడు. చిన్నమెదడు టాన్సిల్స్ (గొంతులోవి కావు, చిన్నమెదడు కింద ఉండే రెండు చిన్న ముద్దలు) ఇంకా 6 మిల్లీమీటర్లు కిందికే ఉన్నాయని ఆ లైను. ఆపరేషన్‌కు ముందు 9 ఉండేది. "మూడు మిల్లీమీటర్ల కోసమా బామ్మర్దీ, పిల్ల తలకాయ వెనక బొక్క తీసింది?" అని కింద రాశాడు. చీకటి పడేలోపు గ్రూపులో తీర్పు కూడా వచ్చేసింది. ఆపరేషన్ ఫెయిల్. హైదరాబాద్‌లో ఇంకో పెద్ద డాక్టర్ ఎవరున్నారో కనుక్కోవాలి.

అదే పేజీలో నాలుగు లైన్ల పైన ఇంకో వాక్యం ఉంది. వెన్నుపాము లోపలి నీటి తిత్తి పాత స్కాన్‌తో పోలిస్తే బాగా కుదించుకుపోయిందట. దాని చుట్టూ ఎవరూ గీత గీయలేదు.

నేను నల్గొండలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. డాక్టర్ని కాదు. ఈ జబ్బు ఇంట్లోకి వచ్చాక దొరికింది దొరికినట్టు చదివాను, ఓపికగా జవాబిచ్చిన డాక్టర్లను అడిగాను, ఆసుపత్రి వరండాల్లో కూర్చున్న వాళ్లతో మాట్లాడాను. దాంతో నాకొక అభిప్రాయం గట్టిపడింది. కియారి ఆపరేషన్ జారిన టాన్సిల్స్‌ను పైకి లాగడానికి చేసేది కాదు. పుర్రె అడుగున మెదడు ద్రవం, అంటే మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే నీళ్లలాంటి ద్రవం, పోయి వచ్చే దారి తెరవడానికి చేసేది. అలాంటప్పుడు ఆపరేషన్ అవసరమా అని తేల్చేటప్పుడైనా, అయ్యాక పనిచేసిందా అని చూసేటప్పుడైనా మిల్లీమీటర్లు పట్టుకుని కూర్చుంటే లెక్క తప్పుతుంది. ద్రవం ఆడుతోందా, దానివల్ల మనిషికి ఏం మారింది అని అడగాలి. ఈ మాటకు ఎదురు వాదనలు కూడా ఉన్నాయి, అవీ చెప్తాను.

 

వేలు కాలినా తెలియలేదు

పిల్లది దేవరకొండ వైపు పల్లె. ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. ఒకరోజు కుట్టిన మడత మీద ఇస్త్రీ పెట్టె నడుపుతుంటే ఎడమచేతి చూపుడువేలు పెట్టె అంచుకు ఆనుకుని అట్లనే ఉండిపోయింది. చర్మం కమిలిన వాసన వచ్చాకే చూసుకుంది. బొబ్బ లేచింది కానీ మంట లేదు. విచిత్రమేమిటంటే, గుడ్డ నున్నగా ఉందా గరుకుగా ఉందా అని అదే వేలితో ముట్టుకుని ఠక్కున చెప్పగలదు.

దీనికి కారణం వెన్నుపాము నిర్మాణంలోనే ఉంది. వేడి, నొప్పి సంగతులు మోసే నరాల పోగులు వెన్నుపాము నడిమధ్యలో ఒక పక్కనుంచి ఇంకో పక్కకు దాటుతాయి. మామూలు స్పర్శను మోసేవి వెనక భాగంలో నేరుగా పైకి పోతాయి. వెన్నుపాము మధ్యలో నీటి తిత్తి ఊరితే ముందుగా దెబ్బతినేది ఆ దాటే పోగులే. ఈ తిత్తినే సిరింక్స్ అంటారు. అది రావడానికి ముఖ్యమైన కారణాల్లో కియారి ఒకటి.

అంతకుముందు నుంచే ఆమెకు దగ్గినా, తుమ్మినా, గట్టిగా నవ్వినా తల వెనక, మెడ పైభాగాన పోటు వచ్చేది. కొన్ని సెకన్లు ఉండి పోయేది. మా అక్క బామ్ రాసి ఊరుకునేది. నెత్తిమీద బిందె మోస్తుంది కదా, నరం పట్టుకుని ఉంటుంది అనుకున్నారు.

ఇక చేతి సంగతి ఊళ్లో చెప్తే ఒకటే మాట, "బోరు నీళ్లు తాగిన ఒళ్లు". నల్గొండ జిల్లాలో ఈ మాట అన్నవాళ్లను తప్పు పట్టలేం. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు వంగిన నడుములు, దొడ్డికాళ్లు చూస్తూ పెరిగినవాళ్లం. ఇక్కడి ఫ్లోరోసిస్ గురించి 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సిద్దిఖీ గారి వ్యాసం వచ్చింది. పటిక, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగపూర్ నీరి సంస్థవాళ్లు మన జిల్లా పేరే పెట్టారు. పైగా ఫ్లోరైడ్ నిజంగానే వెన్నుపాము మీదికి వస్తుంది. నిమ్స్‌లో న్యూరోసర్జన్‌గా చేసిన డి. రాజారెడ్డి గారు ఏళ్ల తరబడి చదివింది దాన్నే. ఎముకలను కలిపి పట్టే లిగమెంట్లు గట్టిపడి ఎముకల్లా మారతాయి, వెన్నుపూసల లోపలి దారి ఇరుకవుతుంది, వెన్నుపాము బయటినుంచి నలుగుతుంది. కాళ్లు బిగుసుకుపోతాయి, చేతులు తిమ్మిరెక్కుతాయి.

కానీ అది ఎక్కువగా ఏళ్లకేళ్లు ఆ నీళ్లు తాగినవాళ్లలో, నడివయసు దాటాక కనిపించే సంగతి. ఇరవైల్లో ఉన్న పిల్లకు దగ్గితే తలపోటు రావడం, వేడి తెలియకుండా పోయి స్పర్శ మాత్రం మిగలడం ఫ్లోరైడ్ దారి కాదు. ఆ తేడా మాకు ఎవరూ చెప్పలేదు. వేలు కాలిందంటే ఆరోగ్య కార్యకర్త కుష్ఠు అనుమానంతో ఒంటి మీద మచ్చలు వెతికింది. నిజానికి అది తెలివైన అనుమానమే. నొప్పి లేని కాలిన గాయాలకు కుష్ఠు, సిరింక్స్ రెండూ కారణం కావచ్చు. మచ్చల్లేవు. తర్వాత ఒక ఎముకల డాక్టర్ మెడకు బెల్టు ఇచ్చాడు. బెల్టుతో నెలలు గడిచాయి. ఎమ్మారై పడ్డది ఆ తర్వాతే.

పైపు కాదు

మా బావ బోరు మోటార్లు, డ్రిప్పు పైపుల పని చేస్తాడు. జబ్బు సంగతి డాక్టర్ చెప్పగానే ఆయనకు వెంటనే అర్థమైంది. లేదా అర్థమైందని అనుకున్నాడు. "పైపుల చెత్త ఇరికింది. చెత్త తీస్తే నీళ్లు పోతయి. చెత్త అక్కడ్నే ఉంటే పని కానట్టే." రిపోర్టులో 6 మిల్లీమీటర్లు చూసి ఆయన అంత కంగారు పడటానికి ఈ పోలికే కారణం. చెత్త ఇంకా ఉంది కదా మరి.

మెదడు ద్రవం అలా ఒక వైపు నుంచి వచ్చి ఇంకో వైపుకు పోయే నీళ్లు కాదు. రోజుకు సుమారు అర లీటరు తయారవుతుంది, ఏ క్షణంలో చూసినా ఒంట్లో ఉండేది దాదాపు 150 మిల్లీలీటర్లు. అలా తయారై, ఇంకిపోయే నెమ్మది ప్రయాణం ఒకటుంది. కియారిలో అసలు గొడవ దాంతో కాదు, గుండె కొట్టుకున్న ప్రతిసారీ జరిగే ఆటతో. గుండె కొట్టగానే మెదడులోకి రక్తం వస్తుంది. పుర్రె సాగదు. కొత్తగా వచ్చిన రక్తానికి చోటు కావాలంటే ఇంకేదో బయటికి జరగాలి. జరిగేది మెదడు ద్రవం. పుర్రె అడుగున ఉన్న పెద్ద రంధ్రం, అంటే ఫొరామెన్ మాగ్నమ్ గుండా అర మిల్లీలీటరు అటూ ఇటూగా వెన్ను వైపు దిగుతుంది. గుండె సడలగానే వెనక్కి ఎక్కుతుంది. నిమిషానికి డెబ్బై ఎనభైసార్లు, పుట్టినప్పటి నుంచి పోయేదాకా ఇదే ఆట.

కియారి ఉన్నవాళ్లలో ఆ రంధ్రం దగ్గర టాన్సిల్స్ దిగి చోటు ఆక్రమిస్తాయి. ద్రవం ఆగిపోతుందని మనం అనుకుంటాం. సాధారణంగా ఆగదు. దిగాల్సిన ద్రవం దిగి తీరాలి కనుక, మిగిలిన సన్నని సందుల్లోంచి ఎక్కువ వేగంతో దూసుకుపోతుంది. మామూలు మనుషుల్లో సెకనుకు కొద్ది సెంటీమీటర్లుండే వేగం ఇక్కడ కొన్నిచోట్ల దానికి కొన్ని రెట్లు అవుతుంది. వెన్నుపాము వెనక వైపు కదలిక దాదాపు కనిపించదు, ముందువైపు మూలల్లో మాత్రం సన్నని ధారలు. ఇంటర్ ఫస్టియర్‌లో చెప్పే కంటిన్యుటీ సూత్రమే. అడ్డుకోత తగ్గితే వేగం పెరుగుతుంది. అందుకే ఆపరేషన్ పనిచేస్తే ద్రవం వేగం పెరగదు, తగ్గుతుంది. అందరూ బోల్తా పడేది ఇక్కడే. "ఫ్లో పెరిగిందా సార్?" అని అడుగుతారు. గరిష్ఠ వేగం తగ్గి, ధారలు చెదిరి, వెన్నుపాము చుట్టూ కదలిక సమంగా పరుచుకుంటే అదీ మంచి కబురు.

దగ్గితే ఏమవుతుంది? ఛాతీలో, పొట్టలో పీడనం పెరిగి వెన్నులోని సిరల్లో రక్తం ఉబ్బుతుంది, ద్రవాన్ని పైకి నెడుతుంది. దగ్గు ఆగాక అది కిందికి దిగాలి. దిగే దారి ఇరుకు. కొన్ని క్షణాల పాటు పైన పీడనం ఎక్కువ, కింద తక్కువ. ఆ తేడా టాన్సిల్స్‌ను ఇంకా కిందికి గుంజుతుంది. ఇంగ్లండులో బెర్నార్డ్ విలియమ్స్ అనే సర్జన్ 1970లలో రోగులు దగ్గుతుండగా పైనా కిందా పీడనాలు ఒకేసారి కొలిచి ఈ తేడాను పట్టుకున్నాడు. మా పిల్లకు దగ్గితే కొన్ని సెకన్లు వచ్చి పోయే ఆ పోటుకు ఇంతకంటే చక్కని వివరణ నాకు దొరకలేదు.

ఎముక తీస్తే మారేది ఏమిటి

హాన్స్ కియారి ప్రాగ్ నగరంలో శవపరీక్షల్లో చూసి ఈ ఆకారాన్ని వర్ణించింది 1891లో. ఆయన చూసింది ఆకారాన్ని, కదలికను కాదు. శవంలో ద్రవం ఆడదు కదా. తర్వాత వచ్చిన సర్జన్లు ఏ సిద్ధాంతాన్ని నమ్మితే ఆ ఆపరేషన్ చేశారు. అమెరికాలో జేమ్స్ గార్డ్‌నర్ 1950లలో చెప్పిందేమిటంటే, మెదడు నాలుగో గది నుంచి గుండె దెబ్బ దెబ్బకీ ద్రవం వెన్నుపాము నడిమి కాలువలోకి తోసుకుని పోయి తిత్తి కడుతోందని. అది నిజమైతే ఆ కాలువ నోరు మూయాలి. అలాగే చిన్న కండరం ముక్కతో మూసేవాళ్లు కూడా. ఎమ్మారై వచ్చాక చూస్తే చాలామంది పెద్దవాళ్లలో నాలుగో గదికి, తిత్తికి మధ్య తెరిచిన దారే కనిపించలేదు.

1994లో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్‌లో ఎడ్వర్డ్ ఓల్డ్‌ఫీల్డ్ బృందం ఆపరేషన్ జరుగుతుండగానే అల్ట్రాసౌండ్ పెట్టి చూసింది. టాన్సిల్స్ ప్రతి గుండె దెబ్బకీ పిస్టన్‌లా కిందికి దిగి, వెన్నులో ఇరుక్కున్న ద్రవాన్ని పొడుస్తున్నాయి. ఆ పీడన తరంగం వెన్నుపాము బయటి గోడ నుంచి లోపలికి ద్రవాన్ని నెట్టి తిత్తిని పెంచుతోందని వాళ్ల వాదన. దారి తెరిచాక ఆ పొడుపు తగ్గింది, తర్వాతి నెలల్లో తిత్తులు కుంచించుకుపోయాయి. తిత్తిలోకి చెయ్యి పెట్టలేదు, కాలువ నోరు మూయలేదు. పైన చోటు ఇచ్చారంతే. నా వాదనకు అసలు బలం ఇక్కడుంది. జబ్బు కనిపించేది మెడలో, మందు పడేది పుర్రె అడుగున. మధ్యలో పనిచేసేది ద్రవం కదలికే.

మా పిల్లకు చేసింది కూడా అదే రకం. తల వెనక వెంట్రుకలు కొంత మేర తీసి, నిలువుగా కోసి, పెద్ద రంధ్రం వెనక అంచు నుంచి పుర్రె ఎముక కొద్దిగా తీశారు. మొదటి మెడపూస వెనక కమాను తీశారు. తర్వాత డ్యూరా అనే గట్టి పొరను తెరిచి, తల చర్మం కిందే దొరికే పొర ముక్కను అతికి, ఆ సంచిని వెడల్పు చేశారు. టాన్సిల్స్‌ను ముట్టుకోలేదు. కొందరు సర్జన్లు వాటిని వేడితో కొంచెం కుదిస్తారు. మా సర్జన్ అవసరం లేదనుకున్నారు. ముట్టుకోని టాన్సిల్స్ ఆర్నెల్లకు 9 నుంచి 6కు వచ్చాయంటే అవి తమంతట తాము పైకి జరిగినట్టే. కొన కూడా మారింది. పాత ఫిల్ములో మేకులా కోసుగా ఉండేది, కొత్తదాంట్లో మొద్దుబారి గుండ్రంగా ఉంది. ఇరుకులో నలిగినప్పుడే ఆ కోసుతనం వస్తుందని డాక్టర్ ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూపించారు. దాని వెనక ఇదివరకు లేని నల్లటి సందు. ఎమ్మారైలో టీ-2 అనే రకం ఫిల్ములో ద్రవం తెల్లగా కనిపించాలి కదా అన్నాను. "మీకు చూపిస్తున్నది టీ-1 అనే ఇంకో రకం, దీంట్లో ద్రవం నల్లగానే ఉంటుంది" అని నవ్వారు.

డ్యూరా తెరవాలా, ఎముక తీసి వదిలేయాలా అన్న గొడవ సర్జన్లలో ఇంకా తెగలేదు. తెరిస్తే తిత్తి కుదించుకుపోయే అవకాశం ఎక్కువ. కానీ కుట్ల సందుల్లోంచి ద్రవం కారడం, చర్మం కింద నీటిగడ్డ కట్టడం, మెదడు పొరలకు ఇన్ఫెక్షన్ (మెనింజైటిస్) లాంటి ప్రమాదాలూ ఎక్కువే. తెరవకపోతే ఆ ప్రమాదాలు తక్కువ, మళ్లీ ఆపరేషన్ చేయాల్సి రావడం ఎక్కువ. ఎముక ఎక్కువ తీసినా ఇబ్బందే. ఆసరా లేక చిన్నమెదడే కిందికి కుంగుతుంది. "ఎంత తెరిస్తే అంత మంచిది" అనే లెక్క ఇక్కడ నడవదు. ద్రవానికి చాలినంత చోటు చాలు.

నా మాటకు ఎదురు మాటలు

మిల్లీమీటర్లు వద్దు, ఫ్లో చూడండి అంటే వెంటనే వచ్చే ప్రశ్న, ఫ్లోను కొలిచేది ఎలా? దానికి సినీ ఎమ్మారై ఉంది. ఛాతీకి ఈసీజీ తీగలో, వేలికి పల్స్ క్లిప్పో పెట్టి, గుండె కొట్టుకునే దశలకు స్కాన్‌ను జతచేసి, ద్రవం దిగేది తెలుపులో, ఎక్కేది నలుపులో వచ్చేలా బొమ్మ కడతారు. మామూలు స్కాన్ కంటే ఇంకొన్ని నిమిషాలు ఎక్కువ పడుతుంది. డాక్టర్ ప్రత్యేకంగా రాస్తే తప్ప ఎవరూ తీయరు.

ఆ బొమ్మను దేవుడి మాటలా తీసుకోవడానికీ లేదు. మొదటి సంగతి, అది ఎన్నో గుండె దెబ్బలను కలిపి సగటున కట్టిన ఒక్క దెబ్బ. మనిషి పడుకుని, ప్రశాంతంగా, కదలకుండా ఉన్నప్పటిది. మా పిల్ల తలపోటు వచ్చేది దగ్గినప్పుడు. ఆ దగ్గు ఈ బొమ్మలో ఎక్కడా లేదు. రెండోది, ఎంత వేగం దాకా కొలవాలో ముందే యంత్రానికి చెప్పాలి. తక్కువ పెడితే గట్టిగా దిగే ధార ఎక్కుతున్నట్టు తిరగబడి కనిపిస్తుంది. ఎక్కువ పెడితే నెమ్మది కదలిక మాయమవుతుంది. ఏమీ జబ్బు లేనివాళ్లలో కూడా ఫ్లో అన్ని పక్కలా సమానంగా ఉండదు. "ఫ్లో తగ్గింది" అన్న ఒక్క మాట మీద కత్తి పట్టడం "5 మిల్లీమీటర్లు దాటింది" (కియారి అనడానికి మామూలుగా పెట్టుకున్న గీత అది) అన్న మాట మీద పట్టడం కంటే గొప్పదేమీ కాదు.

మూడోది నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది. వార్డు బయట నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మ కలిసింది. ఆపరేషన్ అయి రెండేళ్లు దాటింది. స్కాన్ బాగుంది, ఫ్లో బాగుంది అన్నారట. తలనొప్పి మాత్రం పోలేదు. "బొమ్మలో అంతా మంచిగుందంటరు బిడ్డా, మరి నా నెత్తి ఎందుకు నొస్తది?" అని అడిగింది. జవాబు నాకు వెంటనే తోచలేదు. ఇప్పుడైతే ఆమె నొప్పి ఎప్పుడొస్తుందని ముందు అడుగుతాను. దగ్గుతో వచ్చి క్షణాల్లో పోయే పోటు ఈ ఆపరేషన్‌కు బాగా లొంగుతుంది. రోజంతా ఉండే బరువు, వెలుతురు పడని నొప్పి, కణతల్లో కొట్టుకునే నొప్పి మైగ్రేన్ కావచ్చు. కియారితో పాటే ఒకే మనిషిలో ఉండొచ్చు, దానికి దీనికి సంబంధం ఉండకపోవచ్చు. ద్రవం దారి బాగుచేస్తే మైగ్రేన్ పోదు. ఫ్లో బాగుపడినంత మాత్రాన మనిషి బాగుపడినట్టు కాదని ఆ అమ్మను చూశాకే నా వాదనలో "దానివల్ల మనిషికి ఏం మారింది" అన్న ముక్క చేరింది.

 డబ్బు లేక ఆపరేషన్ ఆగిపోవడమే మనకు తెలిసిన బాధ కాబట్టి, "చేస్తామంటున్నారు, చేయించేద్దాం" అనే తొందర మనలో సహజం. ఆ తొందరకు మిల్లీమీటర్ల అంకె తోడైతే ఏమవుతుందో మిర్యాలగూడలో మా సహోద్యోగి ఇంట్లో చూశాను. వాళ్లబ్బాయి బండి మీంచి పడ్డాడు. తల స్కాన్ చేస్తే దెబ్బేమీ లేదు కానీ టాన్సిల్స్ 7 మిల్లీమీటర్లు దిగి ఉన్నాయని వచ్చింది. అబ్బాయికి దగ్గినా తలపోటు లేదు, చేతులు బాగున్నాయి, తిత్తి లేదు. అయినా ఒకచోట "వెంటనే చేయకపోతే పక్షవాతం వస్తుంది" అని భయపెట్టారు. తల్లి మూడు రాత్రులు నిద్రపోలేదు. ఇంకోచోట చూపిస్తే సినీ ఎమ్మారై తీసి, ద్రవం చక్కగా ఆడుతోంది, మీరు ఇంటికి పోండి, చేతుల్లో తేడా వస్తే రండి అన్నారు. వేరే కారణానికి ఎమ్మారై తీసుకున్నవాళ్లలో వందకు ఒకరి దాకా టాన్సిల్స్ ఇలా దిగి కనిపిస్తాయి. వాళ్లలో చాలామందికి జీవితాంతం ఏమీ కాదు.

దీనికి తిరగేసిన కేసులూ ఉన్నాయి. టాన్సిల్స్ అసలు దిగకుండానే తిత్తి ఉండి, అదే ఆపరేషన్‌తో తిత్తి తగ్గినవాళ్లు ఉన్నారు. దీన్ని కియారి జీరో అంటారు. కొలత సున్నా, జబ్బు పూర్తిగా ఉంది. మరికొందరిలో వెన్నులో ఎక్కడో ద్రవం కారిపోతుంటే మెదడు కిందికి కుంగి టాన్సిల్స్ దిగినట్టు కనిపిస్తాయి. నిలబడితే నొప్పి, పడుకుంటే తగ్గడం వాళ్ల గుర్తు. మిల్లీమీటర్లు చూసి వాళ్లకు ఎముక తీస్తే అసలు కారణం అలాగే ఉండిపోతుంది, పైగా హాని జరగొచ్చు. వాళ్లకు మూయాల్సింది కారుతున్న చోటు.

ముంబై నుంచి వచ్చిన వాదన

పై మాటలన్నిటినీ పక్కకు నెట్టే వాదన ఒకటి మన దేశం నుంచే వచ్చింది. ముంబై కేఈఎం ఆసుపత్రిలో పనిచేసిన అతుల్ గోయల్ 2015లో 65 మంది రోగులతో ఒక వ్యాసం వేశారు. కియారికి మూలం మొదటి, రెండో మెడపూసల మధ్య నిలకడ లేకపోవడమే, ఎముక తీయనక్కర్లేదు, ఆ రెండు పూసలను స్క్రూలతో బిగిస్తే చాలు అని ఆయన అన్నారు. పూసలు బిగించే ఆయన పద్ధతిని ప్రపంచమంతా వాడుతోంది కాబట్టి తేలిగ్గా కొట్టిపారేసే మనిషి కాదు. కానీ పూసలు జారినట్టు స్కాన్‌లో కనిపించని వాళ్లందరికీ ఇదే చేయాలంటే చాలామంది సర్జన్లు ఒప్పుకోలేదు.

నాకు ఇందులో సగం నచ్చింది, సగం భయం వేసింది. మన దగ్గర పుర్రె అడుగు లోపలికి నొక్కుకుపోవడం, మొదటి రెండు పూసలు జారడం కియారితో కలిసి కనిపించడం అరుదు కాదు. ముందు వైపు నుంచి ఎముక నొక్కుతుంటే వెనక ఎంత తెరిచినా ద్రవానికి దారి దొరకదు. కాబట్టి ఆపరేషన్‌కు ముందు మెడ వంచి, ఎత్తి తీసిన ఎక్స్‌రే, సీటీ చూశారా అని అడగాల్సిందే. ఆ మేరకు గోయల్ గారికి దండం. అయితే మనం తల పక్కకు తిప్పే తిప్పుడులో దాదాపు సగం ఆ రెండు పూసల మధ్యే జరుగుతుంది. బిగిస్తే అది పోతుంది. తల పక్కకు తిప్పి సూదిలో దారం ఎక్కించే మా పిల్లకు, పూసలు నిలకడగా ఉన్నాయని తేలాక కూడా ఆ ఖరీదు కట్టించడానికి నేను ఒప్పుకునేవాణ్ని కాదు.

చెయ్యి సంగతి

ఇప్పుడు ఆమెకు దగ్గితే పోటు లేదు. తిత్తి తగ్గింది. చేతి పట్టు ఇంకా జారిపోలేదు. వేడి మాత్రం ఆ వేళ్లకు ఇప్పటికీ తెలియదు. "దారి బాగైంది అంటున్నవు, మరి చెయ్యి ఎందుకు బాగుకాలే తమ్మీ?" అని మా అక్క అడిగింది. ద్రవం కదలిక రోజుల్లో మారుతుంది. తిత్తి కుదించుకుపోవడానికి నెలలు పడుతుంది. తిత్తి ఒత్తిడికి తెగిన పోగులు చాలామటుకు తిరిగి అతకవు. ఆపరేషన్ చేయగలిగింది ఇంకా తెగకుండా ఆపడం. ఆమె ఇస్త్రీ కుడిచేత్తో చేస్తుంది, ఎడమ చేతికి మందపాటి గుడ్డ చుట్టుకుంటుంది, అన్నం గిన్నె దించేముందు మోచేత్తో వేడి చూసుకుంటుంది.

మెడ బెల్టుతో గడిచిన ఆ నెలల్లో ఎన్ని పోగులు పోయాయో ఏ స్కానూ చెప్పదు. అందుకే నాకు ఫ్లో స్కాన్‌ల కంటే ముందు మా జిల్లా పీహెచ్‌సీల్లో జరగాల్సిన పని ఒకటి కనిపిస్తోంది. దానికి ఎమ్మారై అక్కర్లేదు. కళ్లు మూయించి, చల్లనీళ్లు పోసిన స్టీలు గ్లాసు ఒకసారి, దూది ఒకసారి రెండు చేతులకూ ఆనించి అడిగితే చాలు. దూది తెలిసి గ్లాసు చల్లదనం తెలియని కుర్రవాళ్లు వస్తే ఫ్లోరైడ్ అనో, నరాల బలహీనత అనో చీటీ మీద రాయకుండా, దగ్గితే తల నొస్తుందా అని ఒక్క ప్రశ్న అడిగి, అక్కడినుంచే న్యూరో విభాగానికి పంపాలి.